ఐదు మార్కుల ప్రశ్న

నలభై మూడు జవాబు పత్రాలు.
అన్నిట్లోనూ సముద్రం
ఒకే మర్యాదతో మాట్లాడింది.
"తీరప్రాంత కోత ఒక సంక్లిష్టమైన సమస్య"
నలభై మూడుసార్లు.
మద్దిలపాలెం బస్సులో ఎర్రపెన్ను పట్టుకుని
వలలో చిరుగు వెతికినట్టు వెతికాను.
అచ్చుతప్పు ఒక్కటీ దొరకలేదు.

కోపమొచ్చింది. ఎవరిమీద?
ఆ ప్రశ్న నేనూ రాయలేదు.
పందొమ్మిదేళ్ళ కిందటి పేపర్లోంచి తీసి
ఏటేటా సంవత్సరం మార్చి ఇస్తున్నాను.
ఎవరూ అడగని ప్రశ్నకి
ఎవరూ రాయని జవాబు.
చెల్లుకు చెల్లు.

ఈసారి బోర్డు మీద ఇలా రాశాను:
పెద్ద జాలరిపేట వెళ్ళండి.
ఒకప్పుడు పడవ లాగిపెట్టిన చోటు ఎక్కడో
పెద్దావిడ నెవరినైనా అడగండి.
అక్కణ్ణించి నీళ్ళదాకా
అడుగులతో కొలవండి, మీ అడుగులతోనే.
ఫోన్నీ అడగొచ్చు.
అదేం చెప్పిందో, విని ఆవిడెలా నవ్విందో
రెండూ రాయండి.
తర్వాత నా ఎదురుగా కూర్చుని చెప్పాలి.

"ఐదు మార్కులకి ఇంత నడకా సార్!"
అన్నాడు హేమసుందర్.
వాడి పేపర్లో
"ఆమె చిరునవ్వులో కెరటాల జ్ఞాపకాలు మెరిశాయి."
ఆవిడ పేరేంట్రా అంటే
తల గోక్కున్నాడు.

నూకరత్నం కాగితం
ఉప్పుగాలికి మెత్తబడి ఉంది.
అరవై ఒకటి, కొట్టివేత.
డెబ్బై నాలుగు, కొట్టివేత.
కింద ఏమీ లేదు.

"ఏమిటమ్మా ఇది?"

"మా మామ్మ ఓ సోటు సూపింది సార్.
మా తాత ఇంకో సోటు సూపాడు.
ఇద్దరూ దెబ్బలాడుకున్నారు.
ఎవరి మాట నమ్మాలో తెలీక
రెండూ నడిసాను.
సరిసూసుకుందారని మర్నాడెల్తే
నిన్న నిలబడ్డ సోటే లేదు."

ఫోనేమంది?

"సగటు సెప్పింది సార్.
సగటు కాడ పడవ లేదు."

ఆ పిల్ల ఇన్నాళ్ళూ ఆఖరి బెంచీ.
పాత రిజిస్టరు తిరగేస్తే
ఐదుకి రెండు, ఐదుకి ఒకటిన్నర,
అన్నీ నా చేతిరాతే.

ఈసారి గడి ఖాళీగా ఉంచి
ఆదివారం తెల్లారుజామున
చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను.
వల బాగుచేసుకుంటున్న ఒకాయన
"ఏటి ఎతుకుతున్నారు?" అన్నాడు.
లెక్క తప్పుతుందని
పలక్కుండా నడిచాను.

అరవై ఎనిమిది దగ్గర
అల వచ్చి ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది.
అరవై ఎనిమిదా, తొమ్మిదా?
వెనక్కెళ్ళి
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.