ఎడమకాలి బూటు

నవంబరు వానలో వచ్చింది ఖతూనా
కుతాయిసీ బస్టాండు నుంచి నడిచి,
తడిసి బరువెక్కిన ఒక్క సంచితో.
పని ఉందా అని అడగలేదు.
"ఇక్కడ వెచ్చగా ఉందే" అంది, అంతే.

నేను మక్వాలాని.
బావిలా లోతైన ఈ మట్టిపొయ్యి నోట్లోకి
నడుముదాకా వంగి, నలభై ఏళ్లుగా
దాని గోడలకు రొట్టెలు కొడుతున్నదాన్ని.
మనుషుల సంగతి నాకు తెలియదు గానీ
పిండిని తాకితే
దానికి రాత్రి ఎలా గడిచిందో చెప్పగలను.

మొదటి రోజు
ఉప్పునీళ్లు చిలకరించి
పడవలా సాగదీసిన పిండిని
ఫట్‌మని చరిచాను.
వెనక పళ్లెం కిందపడిన చప్పుడు.
తిరిగి చూస్తే
రెండు చేతులూ ముఖానికి అడ్డం,
ఎడమ చెవి భుజంలో దాచుకుని
గోడకు అంటుకుపోయి ఉంది పిల్ల.

నేనేమీ అడగలేదు.
అడిగితే చెప్పాలి,
చెబితే మళ్లీ జరగాలి.

ఆ వారమంతా మెల్లగా అంటించి చూశాను,
నిద్రపోయిన బిడ్డను పక్క మీద వేసినట్టు.
మెల్లగా పెడితే గోడ పట్టుకోదు.
పదింట నాలుగు జారి నిప్పుల్లో పడ్డాయి.
మాడు వాసన వీధి చివరిదాకా పోయింది.
ముసల్దానికి చేతులు వణుకుతున్నాయన్నారు క్యూలో వాళ్లు.
అననీ.

ఆమె కోటు జేబులో
బొటనవేలంత ఊలు మేజోడు ఒకటి ఉండేది.
జత లేదు.
ఎవరిదో తను చెప్పలేదు.
నేను అల్లినవి కూడా ఒకప్పుడు
ఏ కాళ్లకూ ఎక్కలేదు,
అందుకని చెప్పనక్కర్లేకపోయింది.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున
నన్ను పక్కకు జరగమంది.
"చప్పుడు ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే చాలు,
నా చెయ్యే చేస్తే తెలుస్తుంది కదా."

మొదటిది జారిపోయింది. రెండోదీ పోయింది.
మూడోది కొట్టినప్పుడు
పొయ్యి గొంతులో ఉరిమింది.
కళ్లు మూసుకుంది గానీ
చెయ్యి ఆపలేదు.

ఆ రోజే మోచేతి కింద కాల్చుకుంది.
చన్నీళ్లు పోస్తుంటే నవ్వింది,
పళ్లు కనిపించేలా నవ్వడం అదే మొదలు.
చొక్కా చెయ్యి పైకి లాగి
పాత మచ్చల మీద వేలు పెట్టి చెప్పింది:
ఇది వాడిది. ఇదీ వాడిదే.
ఇది వాళ్లమ్మ చూస్తుండగా.
ఇదిగో, ఈ ఒక్కటీ నాది.

ఈస్టరు ముందు వాడొచ్చాడు
ఇస్త్రీ చొక్కాతో, చేతిలో పూలతో.
నేరుగా లోపలికి రాబోతే
"క్యూలో రా నాయనా" అంది నోదారీ వాళ్ల అమ్మమ్మ
తల తిప్పకుండానే.
ఆ రోజు ఎంతకీ క్యూ కదల్లేదు.
ఆ రోజు ఎంతకీ రొట్టె కాలలేదు.
ముసలమ్మలందరికీ
ఒకరి మోకాళ్ల నొప్పులు ఒకరికి చెప్పుకోవాలనిపించింది.
చీకటి పడ్డాక చూస్తే
గుమ్మం పక్కన పూలు మాత్రమే ఉన్నాయి.
మేకకు వేశాం.

ఆ రాత్రి పిల్ల మూడుసార్లు కక్కుకుంది.
పిండి బస్తాల మధ్య పడుకోబెట్టి
పొయ్యి ఆరిపోకుండా కూర్చున్నాను.

బాగైపోయిందని అనను.
దీపం ఆర్పి ఇంకా పడుకోదు.
వెనక నుంచి ఎవరైనా పిలిస్తే
ముందు భుజం బిగుస్తుంది, తరువాతే మనిషి తిరుగుతుంది.
వచ్చిన రోజు నుంచీ బూట్లు
మంచం పక్కన, తాళ్లు వదులు చేసి,
ముక్కులు తలుపు వైపుకు పెట్టి పడుకుంటుంది.
అర నిమిషంలో వీధిలో ఉండగలదు.

నిన్న ఆలస్యంగా వచ్చింది.
పిండి పొంగి గిన్నె దాటుతోంది, నేను తిట్టబోతున్నాను.
ఒక కాలికి బూటు, ఒక కాలికి నా పాత చెప్పు.
"ఎడమది కనిపించలేదు" అంది విసుగ్గా,
"రాత్రి ఎక్కడ విడిచానో ఏమో
గుర్తే లేదు."