ఖతా

సొహార్‌ల చేపల మార్కెట్టు వెనక గల్లీ,
రెండో అంతస్తు, లిఫ్టు లేదు.
వకీలమ్మ బద్రియా దగ్గర నేను గుమస్తాను.
కోరుట్ల మదర్సాల నేర్చిన అలీఫ్ బే
ఇరవై ఏండ్లకు ఇక్కడ కూడు పెడుతున్నది.
నాకే లైసెన్సూ లేదు,
పోతదన్న భయమూ లేదు.
మా మెట్లెక్కేటోళ్లకే ఆ రెండూ ఉంటయి:
పండ్ల డాక్టర్లు, మందుల షాపోళ్లు,
ఒకసారి పైలట్ కూడా, టోపీ చంకల పెట్టుకొని.

కెజియ ఆదివారం వచ్చింది.
తణుకు అవతల ఏదో ఊరు. అండీ, అండీ అంటది.
పదకొండేండ్ల నర్సు.
ప్లాస్టిక్ కవర్ల డిగ్రీ, రిజిస్ట్రేషన్,
ఎవరూ అడగని పదో తరగతి కండక్ట్ సర్టిఫికెట్.
అన్నిటి మీద మంత్రిత్వ శాఖ కాగితం:
పద్నాలుగో బెడ్డు ముసలాయన కొడుకు ఫిర్యాదు.
పదిహేను రోజులల్ల జవాబియ్యాలె.

జవాబు ముందే రాసుకొచ్చింది, తెలుగుల, నాలుగు పేజీలు.
క్షమించండి అని పదకొండు సార్లున్నది. లెక్కపెట్టిన.
వకీలమ్మ కొట్టేయమన్నది.
దండం ఎంత వంగి పెడితే
మెడ అంత సులువుగ దొరుకుతదని చెప్పిన.
బద్రియా అరబ్బీల అన్నది ఇంకేదో,
నా నోట్లకు వచ్చింది ఇది.

తర్వాత చార్టు తీసింది.
ఎనిమిదింటికి ఇంజక్షన్ ఇచ్చినట్టు సంతకం.
"ఈ టైం నిజమేనా, అడుగు."
అడిగిన.
ఏసీ నీళ్లు బకెట్ల పడుతున్న చప్పుడు.

"కాదండీ. తొమ్మిదీ పది.
పదిహేనో బెడ్డావిడకి రక్తం ఆగలేదు.
ఇద్దరం ఉండాల్సిన వార్డులో నేనొక్కదాన్నే.
చేతులు కడుక్కొచ్చి, గడిలో ఎనిమిదని వేసేశాను.
మందు సరైనదేనండీ. అంకె అబద్ధం."

నా పని మాట మార్చుడు గాదు, భాష మార్చుడు.
అయినా నాలుక ఒక్క క్షణం ఆగింది.
ఫిర్యాదుల మందు తప్పన్నరు గాని
టైం ఊసే లేదు.
కొడుకుకు తెల్వదు. కమిటీకి తెల్వదు.
గదిల ముగ్గురం,
ఆ మాట ఇంకా తెలుగులనే ఉన్నది.

"ఏమన్నది?" అన్నది బద్రియా.
కెజియ నా దిక్కు చూసింది.
"చెప్పండి" అన్నది.
చెప్పిన.

వకీలమ్మ పెన్నుకు మూత పెట్టింది, మళ్లీ తీసింది.
"బరువైతది. కాని మొయ్యొచ్చు.
ఆ రాత్రి డ్యూటీ రోస్టరు తెప్పించు.
ఇద్దరి చోట ఒక్కరిని పెట్టినోళ్ల సంతకం
ఎక్కడున్నదో చూద్దాం."

రాత్రి రాయ కూసున్న.
ఆమె తెలుగుల పొరపాటు అన్నది.
పొరపాటు వేరు, తప్పు వేరు, నేరం వేరు.
మా నాయినమ్మైతే ఏమరుపాటు అనేది,
కొంగుతోని నా మొకం తుడుసుకుంట.
అరబ్బీ ఫారంల ఒక్కటే గడి: ఖతా.
ఒక్క దీర్ఘం ఎక్కువైతే బ్యాంకుల ఖాతా,
సున్న పెడితే ఖతం.
ఆ నడుమ సందుల కెజియను నిలబెట్టాలె,
కాళ్లు తడబడకుంట.
ఏడుసార్లు చింపిన.

విచారణ నలభై నిమిషాలు.
నేను బయట బెంచీ మీద.
మూడు నెలల సస్పెన్షన్. లైసెన్సు నిలిచింది.
రోస్టరు మీద ఆస్పత్రికి వేరే నోటీసు.
ముసలాయన కొడుకు మెట్ల దగ్గర ఎదురైండు,
పక్కకు జరిగి ఆమెకు దారిచ్చిండు. అంతే.

మొన్న ఫీజు చివరి కిస్తు కట్ట వచ్చింది.
రియాల్ నోట్లు, బైసా బిళ్లలు
బల్ల మీద వరుస పెట్టి, రసీదు తీసుకొని,
లేచి గోడ దిక్కు చూసింది.
"మీ గడియారం ఆరు నిమిషాలు ముందుందండీ."

ఇన్నేండ్లల్ల ఎవ్వరూ అనలేదు.
స్టూలెక్కి దించిన. దుమ్ము తుడిచిన.
ఎంతకు పెట్టాలె అని
ఆమెనే అడిగిన.