ట్యాంకరొచ్చిన చోటు

మూడు మీటర్ల గుడ్డ బల్ల మీద పరిచి
కత్తెర పక్కన పెట్టి
ముందు చదువుతాను.

ఉదయగిరిలో గరిటెలు చెక్కే ఖైరూన్
నర్ది చెక్కలో మిగిలిన ముక్క మీద
మామిడిపిందె చెక్కింది.
"గరిటెకి చాల్లేదు మే, అచ్చుకన్నా వస్తుంది."
దాంతో ఈ గుడ్డంతా అద్దింది
ఆమె తోడికోడలు మాబున్ని.

ఈ అంచు పొద్దున్నే అద్దింది.
పిందె తొడిమ దగ్గర సన్నగీత కూడా
విరగకుండా దిగింది.
జానెడు దాటేసరికి చెయ్యి వేడెక్కింది,
వరసలు ఉరికాయి.
ఇక్కడ ఎవరో పిలిచినట్టున్నారు,
ఒక పిందె మెడ తిప్పి చూస్తోంది.
ఇదిగో, అన్నం తిన్న తర్వాతి నీలం,
బద్ధకంగా, పలచగా.

నడుమ అరచెయ్యంత ఖాళీ.
రంగు చుక్క లేదు.

"ఇదేంది?" అన్నాను.
మాబున్ని కాసేపు గుడ్డనే చూసింది.
"ఆపొద్దు ట్యాంకరొచ్చింది.
బిందెలెత్తుకుని పరిగెత్తినా.
తిరిగొచ్చి చూస్తే
యాడిదాకా అద్దినానో మర్చిపోయినా."

నెల్లూరు కొట్టాయన ఇరవై అడిగాడు,
గరిటెల జతకొక గుడ్డ ఒర.
కత్తికైతే ఒర అంటారు,
గరిటెకేమంటారో నాకు తెలీదు.
కొండ మీద దుర్గంలో కత్తులెప్పుడో పోయాయి,
కింద మేం కుట్టే ఒరలన్నీ
పప్పు కలిపేవాటికే.

"అన్నీ ఒకేలా ఉండాలి" అన్నాడాయన.
ఖాళీని తప్పించుకుంటూ
పందొమ్మిది కోశాను.
పీలికలతో సూదులు గుచ్చుకునే దిండొకటి కుట్టి
లోపల ఖైరూన్ రంపప్పొట్టు కూరాను.
పచ్చిచెక్క వాసన, సూది దింపినప్పుడల్లా.

ఇరవయ్యోదానికి
ఆ ఖాళీ తప్ప గుడ్డ మిగల్లేదు.
అదే ముందువైపు పెట్టి కుట్టాను.
ఆయన దాన్ని రెండుసార్లు తిరగేసి
"అద్దకం పడలేదమ్మా" అని
బల్ల మీదే వదిలి
పందొమ్మిదికి లెక్కగట్టి ఇచ్చాడు.

ఇప్పుడది కిటికీ పక్క మేకుకి వేలాడుతోంది.
సుద్దముక్క, టేపు,
ట్యాంకరు పిల్లోడి ఫోన్ నంబరు రాసిన చీటీ,
బిందెల చిల్లర, అన్నీ అందులోనే.

వీధి మొగలో హారన్ వినపడగానే
మిషన్ మీంచి కాలు తీసేస్తాను.
సూది గుడ్డలోనే ఉంటుంది.