అరవై రెండు

గుంతకల్లు బస్టాండు వెనక
నాలుగడుగుల అంగడి నాది.
బోర్డు మీద ఇంకా మా నాయన రాయించిందే ఉంది:
'గడియారములు బాగుచేయబడును'.
గడియారాల పని ఎప్పుడో ఆగిపోయింది.
నేను ఫోన్లు విప్పుతా.

మే నెల. పన్నెండు దాటితే
స్క్రూడ్రైవరు పిడి కూడా చెయ్యి కాలుస్తాది.
ఆ ఎండలో వచ్చినాడు నెట్టికంటయ్య.
తడిగుడ్డలో చుట్టిన ఫోనును
కోడిగుడ్డు దించినట్టు బల్ల మీద దించినాడు.

వీపు ఉబ్బింది. అద్దం ఒక పక్క లేచి
పండ్లు బయటపెట్టింది.
"గాలి పట్టినట్టుండాది. సూదితో పొడిస్తే దిగుతాదా, షంషాదమ్మా?"
"దిగదు సామీ, లేస్తాది.
మంటై లేస్తాది."

బ్యాటరీని ప్లాస్టిక్ రేకుతో మెల్లగా లేపి
ఇసుక బకెట్టులో పెట్టినా.
ఎట్ల వాడతావని అడిగితే
ఊరు ఊరంతా నేర్పిన శాస్త్రం మూట విప్పినాడు.
కొన్న దినం ఎనిమిది గంటలు ఆపకుండా పెట్టాలంట.
సున్నా అయ్యేదాకా తాకకూడదంట,
ముందే పెడితే బ్యాటరీకి సోమరితనమంట.
వేడెక్కితే ఫ్రిజ్జులో, పెరుగు గిన్నె పక్కన.
రాత్రంతా పెడితే పేలుతాదని
పెండ్లాం ఫోనుకు కాపలా పడుకుంటాదంట.

నవ్వు ఆపుకున్నా. మా నాయన కూడా
ఆ సున్నా మాటే చెప్పేవాడు,
ఆయన వాడిన ఇటుక లాంటి ఫోనుకు అది కొంత నిజమే.
"ఇది వేరే జాతి," అన్నా.
"పోయినేడు బోరు అడుగుదాకా తోడి
ఒట్టి గాలి మింగించి మోటరు కాల్చుకుంటివే,
సున్నా అంటే అదీ.
ఫ్రిజ్జులో పెడితే లోపల చెమట పడుతుంది,
తడి తగిలిన తీగ బతకదు."

అప్పుడు చెప్పినాడు అసలు సంగతి.
పొలంలో స్టార్టరు డబ్బాకు సిమ్ము ఉంది,
ఫోను చేస్తే మోటరు ఆడుతాది.
త్రీఫేజు ఏ రాత్రి ఏ గంటకొస్తాదో
కరెంటోళ్ళకే తెలీదు.
ఫోను చస్తే నీళ్ళు లేవు,
నీళ్ళు లేకుంటే మూడొందల చీనీచెట్లు లేవు.
అందుకే రేకుల కొట్టంలో
పగలూ రాత్రీ వైరు తగిలించే ఉంచుతాడు.
"నూటికి ఒకటి తగ్గినా నా గుండె తగ్గుతాది తల్లీ."

ఏం చెప్పాలో కాసేపు తోచలేదు.
తర్వాత అన్నా:
"శెనక్కాయల మూట మోసే హమాలీని
దించనీకుండా తెల్లారిందాకా
ఎండలో నిలబెడితే ఎట్లుంటాది?
నూరు మీద, ఆ రేకుల కింద
నువ్వు చేసిందదే.
పేలుతాదని కాదు. మంచి ఛార్జరైతే
నిండినాక తానే ఆపుకుంటాది.
నడుము పోతాది, అంతే.
దించు. ఎనభై కాడ దించు.
ఇరవైకి దిగకముందే మళ్ళీ ఎత్తు.
కొట్టంలో వద్దు, ఇంట్లో చల్లని బండ మీద పెట్టు,
తొడుగు ఊడదీసి. దిండు కింద మాత్రం వద్దు.
బస్టాండులో అరవై రూపాయల ఛార్జరు
చూడనైనా చూడొద్దు."

తలూపి, నా వెనక్కి చూసినాడు.
గోడ వారగా నా ఫోను
నూరు మీద, వైరుతో, ఎండ పడే కిటికీలో.
ఏమీ అనలేదు పెద్దమనిషి.
మీసం కింద మాత్రం ఏదో కదిలింది.

కొత్త బ్యాటరీ ఆరువందల యాభై.
ఐదువందలిచ్చి, మిగతాదానికి
సంచిలోంచి చీనీకాయలు లెక్కపెట్టినాడు,
పద్నాలుగు. ఒకటి తిరిగి తీసుకుని
మళ్ళీ ఏమనుకున్నాడో, పెట్టేసినాడు.

ఆ రాత్రి రెండుంబావుకు
నా ఫోను మోగింది. లేచి వింటే
ముందు నీళ్ళ చప్పుడు, పైపు దగ్గుతా దగ్గుతా తేరుకున్న చప్పుడు,
తర్వాత ఆయన గొంతు:
"కరెంటొచ్చినాది తల్లీ. పారతాండాది.
అరవై రెండు."
అంతే. పెట్టేసినాడు.

చీకట్లో తడుముకుని
నా వైరు పీకినా.
నిద్ర రాలేదు.
ఒక చీనీకాయ వలుచుకుని
కిటికీ కాడ కూచుని తిన్నా.