జెల్యోన్కా

కరెంటు తీసెయ్యడానికి వచ్చాను.
పన్నెండో నంబరు కిండర్‌గార్టెన్, కిటికీల నడుం దాకా మంచు.
వోర్కుతాలో ఈ చలికాలం నేను ఆర్పుతున్న నాలుగో భవనం.

మీటరు పక్కనే నర్సు గది.
మందుల బీరువా ఎవరో మోసుకుపోయారు.
అది నిలబడ్డ చోట, చెక్క నేల మీద,
అరచెయ్యంత ఆకుపచ్చ మరక.

రైసా గెన్నాదియెవ్నా,
ఆ సీసా తన్నింది నేనే. ఇల్దార్ కాదు.

పొడిగా ఉంటే అది ఆకుపచ్చే కాదని
మీరే చూపించారు మాకు.
కాగితం మడతలో బంగారు రజను,
ఊపిరి తగిలితే ఎగిరిపోతుందని దూరంగా నిలబెట్టి.
ఒక్క గ్రాము. నూరు పాళ్ల స్పిరిట్టు.
బంగారం మునిగింది, అడవి తేలింది.
తొమ్మిది నెలలు తెలుపూ, బొగ్గు నలుపూ తప్ప
ఎరగని పిల్లలం, నోళ్లు తెరిచాం.
అందులోంచి ఒక చుక్క తీసి ఆమ్లం కలిపారు:
పసుపుపచ్చ.
పచ్చలోంచి పచ్చ.

పట్టుబట్టలకి అద్దడానికి పుట్టిన రంగట అది.
పట్టు మా దాకా రాలేదు.
మా వంతుకి గీరుకున్న మోకాళ్లు వచ్చాయి,
పసికందుల బొడ్లు, గనిలో చితికిన మా నాన్న బొటనవేలు,
ఆ ఫిబ్రవరిలో పదకొండుమందికి ఆటలమ్మ.

"కళ్లు మూసుకో, కంట్లో పడిందంటే చూపు పోతుంది."
పుల్లకి చుట్టిన దూది. చల్లగా, తర్వాత మంట.
మీరు ఊదేవారు.
రోజూ సాయంత్రం కొత్త పొక్కుకి కొత్త చుక్క,
కొత్తది లేవని రోజు నుంచి అయిదు లెక్కపెట్టాలి.
ఇల్దార్, ఇల్నూర్ కవలలు, కన్నతల్లే తడబడేది.
ఆ మూడు వారాలు మాత్రం
ముక్కు కొసన చుక్క ఉన్నవాడు ఇల్దార్.
చుక్కలు వెలిశాక వాళ్లిద్దరూ మళ్లీ కలిసిపోయారు.

సీసా పగిలినప్పుడు మీరు బట్టల సబ్బు తెచ్చారు.
క్షారానికి లొంగుతుందన్నారు, తోమారు,
చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చ చేసుకుని
చివరికి బీరువా జరిపి దాని మీద పెట్టించారు.
"ఎండ తగిలితే అదే వెలుస్తుంది" అన్నారు.
కిటికీలోకి చూశాం అందరం.
జనవరి. మధ్యాహ్నం పన్నెండు. చీకటి.
మీరే ముందు నవ్వారు.

ఇల్నూర్ ఇప్పుడు సమారాలో ఉంటాడు, వాడికి ఫొటో పంపాను.
"ఏమిటిది, నాచా?" అని అడిగాడు.

మెయిన్ స్విచ్ కిందికి లాగాను.
టార్చి వెలుగులో
అది ఇంకా తడిగా ఉన్నట్టే ఉంది.
చేతి తొడుగు విప్పి తాకి చూశాను.
తర్వాత, ఎందుకో,
వేలు చూసుకున్నాను.