చిల్లర

నూటఏడు నంబరు దిగి ఇల్లు చేరేసరికి
చిన్నది లెక్కల పుస్తకం ముందర కూసున్నది.
"అమ్మా, పట్నంల కుక్కలు పరిమిత సమితా, అపరిమితమా?"

పరిమితమే బిడ్డా.
ఎంచెటోడు లేడంతే.
మూసీ దోమలు, అమీర్‌పేట గోడల మీది కోచింగు కాయితాలు,
మొన్నటి వానకు పడ్డ గుంతలు,
ఎంచంగ ఎంచంగ ఏదో ఒక తెల్లారి అయిపోతయి.

"మరి అపరిమితం?" అంటే
అదే నాకు ఒప్పజెప్పింది:
బేసి సంఖ్యలన్నీ బస్సు దిగిపోతయట.
ఒకటో సీట్ల రెండు,
రెండో సీట్ల నాలుగు,
మూడో సీట్ల ఆరు జరిగి కూసుంటయట.
సగం మంది దిగినా
ఒక్క సీటు ఖాళీ గాదట!

అసొంటి బండికి నాకెన్నడు డ్యూటీ పడలే.
నా సంచిల నలభై తక్కువైతే
డిపోల నలభయ్యే తక్కువ,
జీతంల కోత.

అయినా ఒక ముచ్చట నేను జెప్తే అది రాసుకున్నది:
జీరో టికెట్ సుత టికెటే.
సున్న ఉన్న సంచి వేరు,
ఉత్త సంచి వేరు.

పండేముందు మళ్ళ ఎంచిన.
ఖాకీ కోటు అస్తరుల ఇరికి
అయిదు రూపాయల బిళ్ళ దొరికింది.

ఇంక ముప్పై అయిదు.