ఇన్‌ఫ్లో

తెల్లారి మూడున్నరకు మీటర్ ముల్లు లేస్తది.
రంజాన్ నెల.
పాతబస్తీ సహర్‌కు లేచిందన్నట్టు.
జాలీకి తట్టుకున్న నూనె చెప్తది,
రాత్రి ఎవరింట్లనో లగ్గమని.

నగరం నాకు ముఖం చూపలే.
దాని కడుపు ఎరుక నాకు.

ట్యాంకుల కంటికానని పురుగులు,
మైల తినేటియి.
వాటికి గాలి ఊదుడే నా నౌకరి.
కరెంటు పోయి
జనరేటర్ అందుకునేదాంక
నా ఊపిరి కూడ ఆగుతది.

పొద్దుగాల సీసాల నీళ్లు పట్టి
ఎండకెత్తి చూస్త.
అవతల మూసీల కొంగకు
నా రిపోర్టుతో పనిలేదు,
ఒంటికాలు మీద
ఇంకా ఆలోచిస్తనే ఉన్నది.

ఇంటికి మలిగితే
ట్యాంకర్ లైన్ల మా మొగులమ్మ,
ఖాళీ బిందె చంకన:
"రాత్రంత నీళ్ల కాడనే ఉంటివి,
ఒక్క బిందె తేరాదాయె?"